రంగి పడవలోనే ఎందుకుండిపోయింది?

పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' మీద నేను చదివిన వ్యాసాల్లోనూ, సభల్లో విన్న ప్రసంగాల్లోనూ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. అది గొప్ప ప్రేమకథ అని. స్త్రీ హృదయం ఎంత లోతైనదో, ఎంత అంతుపట్టనిదో చూపించిన కథ అని. ఈ 'అంతుపట్టని' అనే మాట మన విమర్శకులకి చాలా సౌకర్యంగా ఉంటుంది. అంతుపట్టదని ఒకసారి అనేసుకున్నాక ఇక పట్టించుకోవలసిన పని ఉండదు కదా.

కథ చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. రాత్రిపూట డెల్టా కాలువ మీద సరుకుల పడవ ఒకటి మెల్లగా పోతూ ఉంటుంది. అందులో కథకుడు, చదువుకున్న మగమనిషి, ప్రయాణం చేస్తున్నాడు. దారిలో పద్దాలు, రంగి అనే జంట పడవెక్కుతారు. రాత్రి రంగి పాడుతుంది. ఆ పాట వింటూ కథకుడు నిద్రలోకి జారుకుంటాడు. మెలకువ వచ్చేసరికి పడవలో గొడవ. పద్దాలు సరుకు కాజేసి గట్టెక్కి మాయమయ్యాడు. రంగి మాత్రం పడవలోనే ఉంది, దొరికిపోయి. ఆ తరువాత తన బతుకంతా కథకుడికి చెప్పుకొస్తుంది. పద్దాలుతో తను వచ్చేయడం, అతను ఇంకో ఆడదాన్ని తగులుకోవడం, తను లోపలుండగా గుడిసెకి నిప్పు పెట్టడం. ఇంత జరిగినా అతను చివరికి తన దగ్గరికే వస్తాడని ఆమె నమ్మకం. కథకుడు ఆశ్చర్యపోతాడు. అతనితో పాటు పాఠకులూ ఆశ్చర్యపోతారు. మన సాహిత్యంలో మిగిలింది ఆ ఆశ్చర్యమే.

నా పేచీ ఆ ఆశ్చర్యంతోనే. కథతో కాదు. కథ నాకు ఇష్టం. చాలా ఇష్టం కాబట్టే ఇన్నేళ్లుగా క్లాసులో చదివిస్తున్నాను.

నాది జనగామ. ఉద్యోగం మహబూబాబాదులో, అంతకు ముందు కొన్నాళ్లు భూపాలపల్లిలో. ఈ మూడూ ఒకప్పుడు వరంగల్ జిల్లాలోవే, 2016 అక్టోబరులో విడివిడి జిల్లాలయ్యాయి. మూడింట్లో ఎక్కడా కాలువ మీద పడవ ప్రయాణం అనేది పిల్లలకి తెలిసిన అనుభవం కాదు. భూపాలపల్లి పిల్లలకి బొగ్గు గనులు తెలుసు, కాళేశ్వరం దగ్గర గోదావరి తెలుసు. మానుకోట పిల్లలకి మిరపతోట తెలుసు. జనగామ సంగతి చెప్పక్కర్లేదు, నీళ్ల కరువుకే పేరుపడ్డ ఊరు. కాలువ అంటే మా వైపు పొలానికి నీళ్లు తెచ్చేది, అదీ వస్తే. మనుషుల్ని మోసేది కాదు. అందుకని ఈ కథ చెప్పేముందు నేను బోర్డు మీద బొమ్మ వేయాలి. ఇదుగో కాలువ, ఇది గట్టు, ఇది పడవ, ఇవి లాకులు. ఎత్తు నుంచి పల్లానికి పడవ దిగాలంటే లాకుల మధ్య నీళ్లు నింపి, వదిలి, ఎలా దింపుతారో చెప్పాలి. గోదావరి జిల్లాల పిల్లలకి ఇవన్నీ చెప్పక్కర్లేదు. కానీ ఇలా మొదటినుంచీ చెప్పుకుంటూ రావడం వల్ల నాకొక లాభం కలిగింది. వాళ్లు నేను ఎప్పుడూ అడగని ప్రశ్నలడిగారు.

మొదటి ప్రశ్న, వెనక బెంచీలోంచి: "ఇంజను లేకుంటే పడవ ఎట్ల పోతది మేడమ్?"

ఎట్లా పోతుంది? గాలి ఉంటే తెరచాప కడతారు. లోతు లేనిచోట గడ వేస్తారు. మిగతాచోట పడవకి తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని మనుషులు గట్టు మీద నడుస్తారు. వాళ్లు నడిచినంత వేగంగానే పడవ నడుస్తుంది. డెల్టా కాలువల మీద సరుకు పడవలు అలాగే నడిచేవి. అంటే మన కథల్లోనూ సినిమాల్లోనూ మనం ఎంతో ముచ్చటపడే ఆ 'నింపాది' ఎవరిదో కాలినడక. పడుకుని నక్షత్రాలు లెక్కపెట్టేవాడికి అది నింపాది, తాడు లాగేవాడికి రాత్రంతా పని. ఈ చిన్న సంగతి నాకు బోర్డు మీద బొమ్మ గీసేవరకు తట్టలేదంటే, ఎంత హాయిగా పడుకుని చదివానో ఆ కథని!

ఆ కాలువల చరిత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి వచ్చింది. కాటన్ దృష్టిలో కాలువ అంటే పంటకి నీళ్లు మాత్రమే కాదు, సరుకులకి దారి కూడా. రైళ్లకన్నా నీటిదారులే చవక అని జీవితమంతా వాదించినవాడు. కాకినాడ నుంచి ఏలూరు, విజయవాడ, కొమ్మమూరు కాలువ, అక్కడినుంచి బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాటి పోయేంత పొడవున నీటిదారి ఏర్పడింది. అందులో మద్రాసు ఊరి మధ్య కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కని 1877-78లో కరువు పనిగా తవ్వించారు. ఆ కరువు పనుల్లో ఆడవాళ్లూ, పిల్లలూ మట్టి మోశారు. ఆడవాళ్లకి కూలి మగవాళ్లకన్నా తక్కువ. ఆ కాలువకి మాత్రం గవర్నరుగారి పేరు పెట్టారు. రైళ్లూ లారీలూ వచ్చాక, తుఫానులకి గండ్లుపడి పూడిపోయాక, పడవలు పోయాయి. 2008లో కేంద్రం ఈ కాలువల్నీ, గోదావరి, కృష్ణల్లో కొంత మేరనూ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించింది, 1,078 కిలోమీటర్లు.

మట్టి మోసిన ఆడవాళ్లు అనగానే మా పిల్లలకి వెంటనే అర్థమైంది. వాళ్ల అమ్మలు 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో కాలువల పూడిక తీసినవాళ్లే. మా వైపు ఆడవాళ్లకి కాలువతో ఉన్న సంబంధం తవ్వడమే.

ఇంగ్లీషు చెప్పే స్నేహితురాలొకామె ఈ సంగతి విని నాకు రెండు పుస్తకాల గురించి చెప్పింది. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఆయన 1939లో భార్య ఏంజెలాతో కలిసి 'క్రెస్సీ' అనే పడవలో ఇంగ్లండు పాత కాలువల మీద తిరిగి, 1944లో 'నేరో బోట్' అని పుస్తకం రాశాడు. ఏడడుగుల వెడల్పు మాత్రమే ఉండే పడవలవి. పల్లెలు, పాత వంతెనలు, పడవవాళ్ల రంగురంగుల గదులు. ఆ పుస్తకం చదివినవాళ్ల ఉత్సాహంతోనే 1946లో కాలువల్ని కాపాడే సంఘం పుట్టింది. ఈనాడు సెలవులకి పడవ అద్దెకు తీసుకుని తిరిగే సరదాకి మూలం చాలావరకు ఆ పుస్తకమే. రెండో పుస్తకం 1947 నాటిది, సూసన్ వుల్ఫిట్ అనే ఆవిడ రాసింది. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు చాలక ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి అవే కాలువల మీద సరుకు పడవలు నడిపించారు. ముగ్గురు ఆడవాళ్లు, జత పడవలు, యాభై టన్నుల దాకా సరుకు. వాళ్ల బిళ్ల మీద ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అనే దానికి గుర్తుగా ఐ.డబ్ల్యు. అని రెండక్షరాలుండేవి. వేళాకోళంగాళ్లు దానికి 'ఐడిల్ విమెన్' అని అర్థం చెప్పారు. పనీపాటా లేని ఆడవాళ్లని! ఆవిడ ఆ వెక్కిరింతనే పుస్తకానికి పేరుగా పెట్టుకుంది. ఒకే కాలువ, మూడేళ్ల తేడాతో రెండు పుస్తకాలు. ఒకటి విశ్రాంతి పుస్తకం, ఒకటి పని పుస్తకం. ఏంజెలా, అన్నట్టు, 1951లో ఆ పడవనీ ఆ కాపురాన్నీ వదిలేసి సర్కస్‌లో చేరిపోయిందట. ఆమె గనక ఒక పుస్తకం రాసి ఉంటే, నాకు అది చదవాలని ఉండేది.

ఇక పద్మరాజు దగ్గరికి వద్దాం. ఆయన మరో కథ 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. మనందరికీ తెలిసిందే. రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ చదువుకున్న, స్థిమితంగా ఉన్న మగమనిషి ప్రయాణంలో ఉంటాడు. రెండింట్లోనూ రాత్రి. రెండింట్లోనూ ఒక పేద స్త్రీ, దొంగతనంతో సంబంధం ఉన్న స్త్రీ, అతనికి తారసపడుతుంది. ఆమె వల్ల అతని లోకం కాస్త కదులుతుంది. 'గాలివాన'లో రావుగారికి అన్నాళ్లూ పట్టుకుని వేళ్లాడిన సూత్రాలు ఒక్క రాత్రిలో వదులైపోతాయి. ఆ బిచ్చగత్తె మాత్రం చచ్చిపోతుంది. ఆయన కళ్లు తెరవడానికి ఆమె ప్రాణం ఖర్చయింది. పద్మరాజుగారికి అన్యాయం చేయాలని కాదు, ఆ వాన, ఆ చలి, ఆ రైలుస్టేషను అంతగా కళ్లకి కట్టించిన కథకుడు తెలుగులో అరుదు. కానీ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందన్నది చూడకుండా ఎలా ఉంటాం?

'పడవ ప్రయాణం' ఈ విషయంలో మెరుగైన కథ అని నా అభిప్రాయం. రంగి చావదు. చావకపోవడమే కాదు, నోరు విప్పుతుంది. 'గాలివాన'లో మనకి తెలిసేది ప్రధానంగా రావుగారి మనసు. ఇక్కడ సగం కథ రంగి నోటనే వస్తుంది, ఆమె యాసలో. కథకుడికన్నా ఆమె మాటే బలంగా ఉంటుంది. కథ చివర మనకి గుర్తుండేది అతను కాదు. రచయిత కథకుడికి ఇచ్చిన తెలివికన్నా రంగికి ఇచ్చిన భాష పెద్దది.

మరి ఆ భాషతో రంగి ఏం చేస్తోంది? ఇదే మా క్లాసులో వచ్చిన రెండో ప్రశ్న. ఒక అమ్మాయి లేచి, "ఆమె పడవలనే ఎందుకుండిపోయింది మేడమ్? వానితోని దిగి పోవచ్చు గద?" అంది. నేను మామూలుగా చెప్పేదే చెప్పబోయాను, అతన్ని కాపాడుకోవడానికి అని. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "కాపాడుడు కాదు మేడమ్, ఆమె పనే అది. ఇద్దరు దిగితె వెంటనే అనుమానమొస్తది. ఒక్కరు ఉండాలె."

నాకు ఆ సాయంత్రం కాజీపేటలో జనగామ రైలు కోసం కూర్చున్నప్పుడు కూడా ఆ మాటే చెవుల్లో ఉంది. ఆమె పనే అది. విమర్శకులు రంగి పాటని ప్రేమగానం అన్నారు. ఆ పాటకి కథకుడు నిద్రపోయాడు. దొంగతనం జరగాల్సిన పడవలో మనుషులు నిద్రపోవడం ఎవరికి అవసరం? పాట నిజంగా విరహమే కావచ్చు, కాదనను. కానీ అది పని కూడా. అతనితో పాటు పడవెక్కడం పని, మెలకువగా ఉండడం పని, వెనక మిగిలిపోవడం పని, తిట్లు తినడం, దొరికిపోవడం పని. దొంగతనంలో కంటికి కనబడే సగం పద్దాలుది, కనబడని సగం రంగిది. వాటా మాత్రం, కథలోనే ఉంది, ఇంకెవరికో పోతోంది. ఇంటిచాకిరీ గురించి మనం ఇన్నేళ్లుగా మాట్లాడుకున్న మాటలన్నీ ఈ దొంగ కాపురానికీ వర్తిస్తాయి. దొంగతనంలో కూడా ఆడదాని పని పని కాదు, ప్రేమ!

ఇంకో మెట్టు కూడా ఉంది, అక్కడ నాకూ కొంచెం తడబాటే. రంగి కథకుడికి చెప్పిన బతుకుకథ మొత్తం నిజమేనా? తెల్లారితే ఆమెని పోలీసులకి అప్పగిస్తారేమో. పడవలో ఉన్నవాళ్లలో కాస్త జాలిపడేలా కనిపిస్తున్నది ఇతనొక్కడే. అలాంటివాడికి ఏ కథ చెప్పాలో తెలియనంత అమాయకురాలా రంగి? మనసున్న పెద్దమనిషికి, తగలబడ్డ గుడిసె, తరగని ప్రేమ. అబద్ధమాడిందని నేననడం లేదు. బహుశా అంతా నిజమే. కానీ నిజాన్ని కూడా మనిషి అవసరాన్ని బట్టి, వినేవాణ్ణి బట్టి చెబుతుంది. ఆడవాళ్లం రోజూ చేసే పనే ఇది, ఆసుపత్రిలో, స్టేషనులో, అత్తగారింట్లో. ఇలా అనుమానించడం రంగిని తక్కువ చేయడమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమెకి తెలివి ఉందని ఒప్పుకోవడమే అది.

ఇక్కడ నాకు పాలకుర్తి ఐలమ్మ గుర్తొస్తుంది. మా జనగామ వైపు మనిషి. విసునూరు దేశముఖు తన భూమి మీదికి వస్తే ఎదురు నిలబడ్డ మనిషి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె తన సంగతి తనే చెప్పుకుంది, ఆడవాళ్ల ఎదుట కూర్చుని. అక్కడ వినేవాళ్లకి ఆమె అంతుపట్టనిదిగా తోచలేదు. ఏ పంట, ఎన్ని మంది, ఎవరు ఎటునుంచి వచ్చారు అని అడిగారు, ఆమె చెప్పింది. రంగికి దొరికిన శ్రోత వేరు. అతను గుడిసెకి నిప్పంటుకున్న సంగతి విని, ఆ తలుపు బయటనుంచి వేసి ఉందా, ఎలా బయటపడ్డావు, ఎవరైనా వచ్చారా అని మనం అడిగినట్టు అడిగే మనిషి కాదు. ప్రేమ గురించి ఆలోచించే మనిషి. నిప్పు పెట్టడం అనేది ఏ దేశంలోనైనా హత్యాప్రయత్నం. 1983లో 498ఎ వచ్చి, 2006లో గృహహింస చట్టం అమల్లోకి వచ్చాక కూడా మనం క్లాసుల్లో దాన్ని 'ప్రేమ పరాకాష్ఠ' అని చెప్పడం నాకు భయంగా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న నలభై మంది అమ్మాయిల్లో కొందరు ఇంటి దగ్గర అదే చూసి వచ్చి ఉంటారు.

ఒక స్నేహితురాలు నా వాదన విని గట్టిగా దెబ్బలాడింది. "నువ్వు అంతా కూలి లెక్కల్లోకి దింపితే రంగికి కోరిక అంటూ ఏం మిగులుతుంది? ఆమె అతన్ని కావాలనుకుంది. అది ఆమె ఇష్టం. బాధితురాలిగా చూడ్డం తప్ప మీ స్త్రీవాదులకి ఇంకోటి చేతకాదా?" అని. ఈ మాటలో పస ఉంది. రంగి ఏడుపుగొట్టు మనిషి కాదు. పద్దాలు గురించి మాట్లాడేటప్పుడు ఆమె మాటలో ఒక రకమైన పొగరు, వాడు నావాడు అనే ధీమా ఉంటుంది. చలం చదివి పెరిగిన మనకి ఆ ధీమా నచ్చుతుంది. నాకూ నచ్చుతుంది. కానీ కోరికకీ, పనికీ మధ్య ఎందుకు గోడ కట్టాలి? ఆమె అతన్ని కోరుకుంటుంది, అతని కోసం పని చేస్తుంది, ఆ పనికి మోసపోతుంది. మూడూ ఒకే రాత్రి, ఒకే పడవలో. మొదటిదాన్ని మాత్రం వినిపించుకుని మిగతా రెండింటినీ దాని కింద కప్పేయడమే నాకు అభ్యంతరం.

ఈ కథని 1995లో కె.ఎస్. సేతుమాధవన్ సినిమాగా తీశారు. రంగిగా రోహిణి, పద్దాలుగా తలైవాసల్ విజయ్. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, రోహిణికి ప్రత్యేక ప్రశంస దక్కింది. రోహిణి నటన గురించి నాకు రెండో మాట లేదు. నా దృష్టి పేరు మీద. సినిమా పేరు 'స్త్రీ'. 'పడవ ప్రయాణం' అన్నప్పుడు కనీసం ఒక చోటు, ఒక రాత్రి, ఒక సంఘటన ఉన్నాయి. అది ప్రయాణికుడి వైపునుంచి పెట్టిన పేరే అయినా, దానికి హద్దులున్నాయి. 'స్త్రీ' అనగానే ఆ ఒక్క రంగి మొత్తం ఆడజాతి అయిపోయింది. నిప్పు పెట్టినా వదలనిది స్త్రీ! రెండు పేర్లలో ఏదీ 'రంగి' కాకపోవడం చూడండి.

2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చినప్పుడు, అంతకుముందు 1973లో బాపు 'అందాల రాముడు' వచ్చినప్పుడు, పడవ మనందరికీ విహారం అయిపోయింది. రాజమండ్రిలో ఎక్కి భద్రాచలంలో దిగేలోపు ప్రేమలో పడటం. చూడముచ్చటగానే ఉంటాయి, నేనూ రెండుసార్లు చూశాను. అదే గోదావరి మీద, ఎగువన కాళేశ్వరం దగ్గర, వంతెన రాకముందు సిరోంచకి పడవ మీద దాటేవాళ్లు. ఒకసారి నేనూ దాటాను. పడవలో ఆడవాళ్లే ఎక్కువ. అవతలి ఒడ్డున ఇచ్చిన కూతుళ్ల దగ్గరికి మూటలతో పోయేవాళ్లు. ఎవరూ నీళ్ల వంక చూడ్డం నాకు గుర్తులేదు, మూటల వంకే చూసుకున్నారు.

కిందటేడు పరీక్షలో 'రంగి ప్రేమ తత్త్వాన్ని వివరించండి' అనే పాత ప్రశ్న తీసేసి, 'ఆ రాత్రి రంగి చేసిన పనులు రాయండి' అని ఇచ్చాను. చాలామంది ప్రేమ తత్త్వమే రాశారు, గైడు అలవాటు. కొందరు మాత్రం పనులు రాశారు. ఎక్కింది, పాడింది, నిద్రపోలేదు, దొరికింది, తిట్లు తిన్నది, చెప్పింది. పేపర్లు ఇచ్చేశాక ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. "తెల్లారినంక ఆమె మళ్ల వాపస్ ఎట్ల పోయి ఉంటది మేడమ్? ఇంకో పడవోళ్లు ఆమెను ఎక్కిచ్చుకుంటరా?"

నేను జవాబు వెతుక్కుంటుంటే పక్కనున్న అమ్మాయి అంది, "ఎవలెక్కిచ్చుకుంటరే. గట్టుపొంటి నడిచే పోయి ఉంటది."